లడ్డూ వేలానికి కదిలిన బండ్లు

శంషాబాద్‌లో సరుకుల గేటు ముందు ఒక వినాయక నిమజ్జనం రోజు పొద్దున కూరగాయల బండ్లు బారులు తీరి, ముందుకూ వెనక్కూ కదలకుండా బిగుసుకుపోయాయి. ఊరేగింపు వల్లే ఇదంతా అని కొందరన్నారు. ఎవరో మంత్రిగారు దిగుతున్నారని కొందరన్నారు. నేను ఏ పుకారునూ ఖండించలేదు. నిజానికి అంత పని చేయాలంటే మంత్రిగారికి పోలీసులు కావాలి, సైరన్లు కావాలి. నేను ఒక్కణ్ణే చేశాను. అదీ చాయ్ తాగుతూ. ఆ ప్రళయానికి మూలం తొంభై అనే ఒక అంకె. ఆ అంకె వేసింది నేను. చదువుతుంటే మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. ఆ రోజు గేటు దగ్గర ఎవరూ మొహమాటపడలేదు.

అప్పట్లో నేను ఇంజనీరింగ్ పూర్తి చేసి, విమానాశ్రయం దగ్గర ఒక చిన్న సరుకుల ఏజెన్సీలో చేరాను. మంఖాల్ చుట్టుపక్కల తోటల నుంచి వచ్చే బెండకాయలు, కరివేపాకు, పచ్చిమిర్చి గల్ఫ్ విమానాలకు అందించడం మా పని. కూరగాయల బండ్లు మా పార్కింగ్‌లో వరసలో వేచి ఉండేవి. విమానాశ్రయం గోదాంలో చోటు ఖాళీ కాగానే, నా కంప్యూటర్ తెర మీద కుడివైపు కింది మూలలో ఉన్న పెట్టె ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారేది. అప్పుడు నేను 'బండిని పిలువు' అన్న బటన్ నొక్కాలి. వరసలో ముందున్న డ్రైవర్ ఫోన్‌కు 'గేటుకు రండి' అని మెసేజ్ పోతుంది.

అంతే. నా ఉద్యోగం అంతే. ఎరుపు ఎప్పుడు ఆకుపచ్చ అవుతుందా అని చూస్తూ కూర్చోవడం. ఆ పనిని సిగ్నల్ దగ్గర ఆటోవాళ్ళు జీతం లేకుండా చేస్తారు.

చదువుకున్నవాడికి బద్ధకం వస్తే దాన్ని ఆటోమేషన్ అంటారు. నేనూ ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. కంప్యూటర్‌కు రంగంటే మూడు అంకెలు: ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత. మా పెట్టె ఆకుపచ్చ అయినప్పుడు ఆ అంకెలు నలభై, నూట అరవై, డెబ్బై. 'ఆ మూలన ఫలానా చుక్కలో ఈ మూడూ కనబడితే నువ్వే బటన్ నొక్కు' అని స్క్రిప్టుకు చెప్పి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

మొదటి రోజే యాదన్న వచ్చాడు. మంఖాల్ నుంచి బెండకాయల లోడు తెచ్చే డ్రైవర్. నా టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి, తెరలోకి వంగి చూశాడు.

"ఏంది తమ్మీ, పెట్టె పచ్చగయ్యి ఎంత సేపాయె! ఆడ నా బెండకాయలు ముదురుతున్నయ్."

"ఇంకా కాలేదన్నా. సిస్టమ్ చూస్తున్నది."

"నాకు అగుపడ్తున్నది, నీకు అగుపడ్తున్నది, గా కిటికీల పన్న పిల్లికి..."

ఇక్కడ ఒక విమానం వెళ్ళింది. మా ఆఫీసులో ఇదొక ఆచారం. విమానం పైనుంచి పోతుంటే ఎవరి వాక్యం వాళ్ళు నోట్లోనే పెట్టుకుని ఆగిపోతారు. శబ్దం దాటాక ఆపిన చోటి నుంచే అందుకుంటారు. కోపంలో ఉన్నవాళ్ళు కూడా.

"...పిల్లికి గూడ అగుపడ్తున్నది! నీ సిస్టమ్ కండ్లల్ల మోతిబిందు గిట్ల ఉన్నదా? జర దవాఖానకు తీస్కపో!"

తప్పు యాదన్నది కాదు, పిల్లిదీ కాదు. ఆ తెర గోదాం కంప్యూటర్ నుంచి నెట్ మీద వచ్చేది. దారిలో రంగు కొంచెం వెలిసిపోతుంది, ఉతికిన లుంగీలా. నలభై కాస్తా నలభై మూడవుతుంది. మన కంటికి తేడా తెలియదు. స్క్రిప్టుకు మాత్రం నలభై మూడంటే వేరే రంగు, వేరే ఊరు, వేరే దేశం.

మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డ కొనే ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు. మా అమ్మ చీర చేత్తో పట్టుకుని వెళ్తుంది. కొట్టువాడు తానుల మీద తానులు దించుతాడు. "ఇది ఒక పిసరు ముదురు." "ఇది ఒక పిసరు లేత." ట్యూబులైటు కింద కాదు, ఎండలో చూడాలని గుడ్డను రోడ్డు మీదికి లాక్కుపోతుంది. చివరికి ఏదీ కొనకుండా ఇంటికొస్తుంది. అదే మా బాపును పంపితే, నాచురంగు చీరకు చిలకపచ్చ గుడ్డ తెచ్చి, "రెండూ పచ్చయే గదనే" అంటాడు. నా స్క్రిప్టు మా అమ్మలా పుట్టింది. నేను దాన్ని మా బాపును చేశాను. కథంతా ఇదే, మిగిలినవి వివరాలు.

ఈ జబ్బుకు మందు పేరు టాలరెన్స్. ఒక్కో అంకెలో ఇంత వరకూ తేడా ఉన్నా ఫరవాలేదు, సర్దుకుపో అని స్క్రిప్టుకు చెప్పడం. మొదట పది పెట్టాను. బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత వానలు పట్టి, నెట్ మందగించి, రంగు మరీ పాలిపోయింది. ఇరవై చేశాను. ఇంకో రోజు ముప్పై చేశాను. నిజానికి ప్రతిసారీ తెర మీది అంకెలు కొలిచి, ఎంత అవసరమో అంతే పెంచాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి చేసినవాణ్ణి కాబట్టే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. ఒక మధ్యాహ్నం విసుగొచ్చి తొంభై పెట్టేశాను. వంద పెడితే అతిగా ఉంటుందనిపించింది. నా జాగ్రత్తంతా ఆ తగ్గించిన పదిలో ఉంది.

పరీక్ష కూడా చేశాను, చేయలేదని అనుకోకండి. ఎర్ర పెట్టె చూపించి, నొక్కుతుందా అని చూశాను. నొక్కలేదు. పాస్. ఎరుపు, మా ఆకుపచ్చ కాక లోకంలో ఇంకా రంగులున్నాయన్నది నా సిలబస్‌లో లేదు.

మా మేనేజర్ విజయలక్ష్మి మేడమ్. గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. అందరినీ 'మీరు' అంటారు, చివరికి ప్రింటర్‌ను కూడా. నా ప్రొబేషన్ ఆ నెలతో అయిపోతుంది. నన్ను పర్మనెంట్ చేయడమా, ఇంటికి పంపడమా అన్నది ఆవిడ చేతిలో ఉంది. అందుకని నా ప్రతిభను స్వయంగా వెళ్ళి విన్నవించుకున్నాను.

"మేడమ్, ఆ తెర చూసే పని ఆటోమేట్ చేశాను."

"అయితే మీరు చూడడం లేదా?"

"అది చూస్తుంది మేడమ్."

"అది తెరను చూస్తుంటే, మీరేం చూస్తున్నారు నరేందర్ గారూ?"

"దాన్ని, మేడమ్."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరేనండి. నిమజ్జనం రోజున దారులన్నీ మూసేస్తారు, విమానం మాత్రం మనకోసం ఆగదు. ఆ మధ్యాహ్నం సరుకంతా ఎక్కిందా, మీ కాగితం మీద సంతకం పెడతాను. ఎక్కలేదా..."

విమానం వెళ్ళింది. శబ్దం ఆగాక ఆవిడ మిగతా వాక్యం చెప్పలేదు. ఒక మనిషి ఆచారం తప్పడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి.

నిమజ్జనం వచ్చింది. ఏటా లక్షలు పలికే బాలాపూర్ లడ్డూ వేలం సంగతి మీకు నేను చెప్పాలా? పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. మా కాలనీ నక్క ఏటా అదే చోట వాత పెట్టుకుంటుంది. మా గణపతి లడ్డూకు కూడా ఊరేగింపుకు ముందు వేలం ఉంటుంది. ఎంతకు పోతుందో అంకె చెప్పను, బాలాపూర్‌వాళ్ళు నవ్వుతారు. నాకు సెలవు దొరకలేదు కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌లోనే కాలనీ వాట్సాప్ గ్రూపు తెరిచి పెట్టుకున్నాను. వేలం ఎంతవరకు వచ్చిందో గ్రూపులో రాసే బాధ్యత మా బాపు తీసుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు, తీసుకున్నాడు.

మా బాపుకు ఒక అలవాటుంది. ఒక్కో మాటనూ ఒక్కో మెసేజ్‌గా పంపుతాడు. "అన్నీ ఒక్కసారే పంపరాదు బాపూ?" అని అడిగితే, "నడుమల సిగ్నల్ పోతే? పంపిన కాడికి పోతది గద" అంటాడు. ఈ వాదనకు ఇంజనీరింగ్‌లో జవాబు లేదు.

కంప్యూటర్‌లో కొత్త మెసేజ్ వచ్చినప్పుడల్లా ఒక చిన్న చీటీ పైకి తేలుతుంది. ఎక్కడ తేలుతుంది? కుడివైపు కింది మూలన. ఆ చీటీలో వాట్సాప్ గుర్తు ఏ రంగు? అది మా పెట్టె ఆకుపచ్చ కాదు. మా అమ్మయితే చూడగానే తానును వెనక్కి నెట్టేసేది. కానీ నా స్క్రిప్టు ఇప్పుడు బాపు కదా. రెండూ పచ్చయే గదనే అంది.

నేను కంప్యూటర్‌ను దాని మానాన వదిలి, రోడ్డవతల చాయ్ బండి దగ్గర ఒక గ్లాసు తీసుకున్నాను. అదే సమయంలో గ్రూపులో బాపు మొదలుపెట్టాడు.

"రామచంద్రం."

ఒక బండి కదిలింది.

"ఇంకింత."

మరో బండి.

"పెంచిండు."

మరొకటి. పార్కింగ్‌లోంచి బండ్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే, చాయ్ గ్లాసు పట్టుకుని తృప్తిగా చూశాను. అబ్బ, ఈరోజు గోదాం ఎంత చురుగ్గా పనిచేస్తోందో అనుకున్నాను. ఉస్మానియా బిస్కెట్ ఇంకోటి తీసుకున్నాను కూడా. ఇంతలో యాదన్న ఫోన్.

"తమ్మీ, పిలిచినవ్ గద, గేటు కాడికొచ్చిన. లోపటికి రానిస్తలేరు. గోదాం ఖాళీ లేదంటున్రు."

"మెసేజ్ వచ్చిందా అన్నా?"

"వచ్చింది."

"వస్తే ఖాళీ అయినట్టే. సిస్టమ్ తప్పు చెయ్యదన్నా."

"చెయ్యకుంటే మంచిదే. మరి నా ఎన్కాల గింత మందినెందుకు తోలినవ్?"

"ఎంతమందిని?"

"అద్దంల చూస్తున్న తమ్మీ. తోక అగుపడ్తలేదు."

నేను పరుగెత్తాను. బిస్కెట్ చాయ్‌లో మునిగిపోయింది; తీసే తీరిక లేదు. సీటు దగ్గరికి వెళ్ళి చూస్తే, మూలన పెట్టె ఎర్రగా, నిప్పులా ఉంది. దాని మీద బాపు మాటలు ఒకటి తర్వాత ఒకటి చీటీలై తేలుతున్నాయి. స్క్రిప్టును ఆపుదామని మౌస్ పట్టుకున్నాను. నేను బాణాన్ని ఇటు తెస్తే, స్క్రిప్టు దాన్ని నా చేతిలోంచి లాక్కుపోయి అటు బటన్ నొక్కుతోంది. నా మౌస్ మీద నాకు అధికారం లేని ఘడియ అది. ఇంట్లో టీవీ రిమోట్ మీద కూడా నాకు ఇంతకన్నా ఎక్కువ హక్కుంది.

అప్పుడు నేను చేసిన పని ఎవరికీ చెప్పకూడదని చాలా ఏళ్ళు అనుకున్నాను. అరచేతిని తెర మూలకు గట్టిగా అడ్డం పెట్టాను.

విజయలక్ష్మి మేడమ్ సరిగ్గా అప్పుడే వచ్చారు.

"నరేందర్ గారూ, ఏం చేస్తున్నారు?"

"అడ్డం పెట్టాను మేడమ్."

"దేనికి?"

"దానికి కనపడకుండా."

ఆవిడ వంగి తెరను చూశారు. "అది ఎటు నుంచి చూస్తుందండీ?"

నేను ఆలోచించాను. "లోపలి నుంచి మేడమ్."

"మీ చెయ్యి ఎటు వైపుంది?"

"బయట."

"తీసేయండి."

తీసేశాను. ఆ చేత్తోనే జేబులోంచి ఫోన్ తీసి, నా జీవితంలోకెల్లా తెలివైన పని చేస్తున్నాననుకుంటూ గ్రూపులో రాశాను: 'దయచేసి ఎవరూ మెసేజ్‌లు పెట్టకండి. అర్జెంట్.'

గ్రూపు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. అంత తియ్యటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. తర్వాత మొదలైంది.

"ఎందుకు?"

"ఏమైంది?"

"ఎవరన్న పోయిన్రా?"

"ఎవరు పోయిన్రు?"

"ఓం శాంతి."

"ఓం శాంతి."

"ఎవరికి ఓం శాంతి?"

"తెల్వది. ఓం శాంతి."

ప్రతి ఓం శాంతికి ఒక కరివేపాకు బండి కదిలింది. మధ్యలో మా బాపు తన పద్ధతిలో: "బిడ్డా." "నువ్వు." "మంచిగనే." "ఉన్నవా?" నాలుగు పచ్చిమిర్చి బండ్లు. నేను జవాబివ్వకపోయేసరికి: "తిన్నవా?" ఇంకొకటి. ఈ గందరగోళంలోనే అక్కడ లడ్డూ వేలంలో 'మూడోసారి' కూడా అనేశారు. గ్రూపంతా ఒక్క ఉదుటున 'గణపతి బప్పా మోరియా' అంది. పాట గెలిచిన రామచంద్రం అన్నకు ఆ పొద్దున అభినందనలెన్నో, సంతాపాలూ అన్నే వచ్చాయి.

"మేడమ్, నేను మౌస్‌ను పట్టుకుంటాను, మీరు అటు నుంచి..." అని నేనింకా వ్యూహం వివరిస్తుండగానే, మేడమ్ వంగి ప్లగ్గు పీకేశారు.

తెర నల్లబడింది. పార్కింగ్ కిటికీలోంచి కనబడుతోంది. చివర ఒక్క బండి మిగిలింది. దాని డ్రైవర్ నిద్రపోతున్నాడు కాబట్టి మిగిలింది.

"బండి తీయండి" అన్నారు మేడమ్. నా బైకు అని అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగు గుండెకు హత్తుకుని వెనక కూర్చున్నారు. దారి పొడవునా ఒక్క మాటన్నారు: "గతుకులు చూసి పోనివ్వండి." తిట్టినా బాగుండేది.

గేటు దగ్గర బండ్లు ఒకదాని వెనక ఒకటి అంటుకుపోయి ఉన్నాయి. ముందున్నవాడు వెనక్కి రావాలంటే వెనకున్నవాడు జరగాలి. వెనకున్నవాడు జరగాలంటే వాడి వెనక ఊరేగింపుకు బయల్దేరిన పక్క కాలనీ గణపతి ట్రాక్టరు ఉంది. సెక్యూరిటీ ఆఫీసరు మమ్మల్ని చూశాడు.

"ఎవరు మేడమ్ ఇన్ని బండ్లను పిలిచింది?"

"మా సిస్టమ్‌లో చిన్న సమస్య వచ్చిందండీ."

ఆయన వరస చివరికంటా చూసి, మళ్ళీ మేడమ్‌ను చూసి, "చిన్నదా?" అన్నాడు. మేడమ్ నా వైపు చూశారు. ఆ సమస్య ఎత్తెంతో, బరువెంతో ఆయనకు తెలిసిపోయింది.

ఇక్కడే గణపతి దయ తలిచాడు. ట్రాక్టరు కదలకపోయేసరికి డప్పులవాళ్ళు దిగి తీన్‌మార్ అందుకున్నారు. డ్రైవర్లు తలుపులు తెరుచుకుని దిగి చిందేశారు. గల్లీల్లో అంతెత్తు విగ్రహాలను కరెంటు తీగలకు తగలకుండా తిప్పే కుర్రాళ్ళకు మా బండ్లు ఒక లెక్కా? ఈలలేస్తూ ఒక్కొక్కదాన్నీ వెనక్కి తీయించారు. "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టన్నా... ఇగ చాలు, ఆపు!" నేను కూడా సాయం చేద్దామని ఒక బండికి చెయ్యి ఊపాను. యాదన్న కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"తమ్మీ, నువ్వు జర ఆగు! నువ్వు చెయ్యి లేపితే ఇంకో నాలుగు బండ్లొస్తయ్!"

అందరూ నవ్వారు. సెక్యూరిటీ ఆఫీసరు కూడా. మేడమ్ మాత్రం గడియారం చూసుకుంటున్నారు, నేను మేడమ్‌ను చూసుకుంటున్నాను. నా ఉద్యోగం ఆ ముళ్ళ మీద ఉంది.

దారి తెరుచుకుంటుండగా గోదాం నుంచి కబురొచ్చింది, ముందున్న బండిని పంపమని. యాదన్న బెండకాయలు లోపలికి పోయాయి. తర్వాత కరివేపాకు, దాని వెనక పచ్చిమిర్చి. నిద్రపోయిన డ్రైవర్‌ను నేనే స్వయంగా వెళ్ళి లేపి తెచ్చాను. అతను దారంతా "ఏమైంది భాయ్?" అని అడిగాడు, నేను దారంతా "ఏం కాలేదు" అన్నాను. చివరి పెట్టె కూడా విమానమెక్కిందన్న మాట విన్నాకే నేను ఊపిరి వదిలాను. యాదన్న తిరిగొస్తూ బండి ఆపాడు.

"ఎన్నడు గింత జల్ది పిల్వలేదు తమ్మీ. రేపు గూడ గట్లనే పెట్టరాదు?"

సాయంత్రం మేడమ్ పిలిచారు. బల్ల మీద నా కాగితం ఉంది. కింద సంతకం ఉంది. నేను రెండుసార్లు చూశాను, ఈమధ్య నా కళ్ళ మీద నాకు నమ్మకం తగ్గింది కాబట్టి.

"సరుకు విమానం ఎక్కితే సంతకం పెడతానన్నాను. ఎక్కింది" అన్నారు. "ఆ స్క్రిప్టు తీసేశారా?"

"తీసేశాను మేడమ్."

"పూర్తిగా?"

"పూర్తిగా మేడమ్."

ఆవిడ లేచి, తలుపు వేసి, మళ్ళీ కూర్చున్నారు. గొంతు తగ్గించారు.

"ఎందుకంత తొందరపడ్డారండీ? మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం. ఆ పెళ్ళి సంబంధాల సైటులో అమ్మాయి తరఫువాళ్ళు లైన్లోకి వస్తే పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. నేను కళ్ళజోడు పెట్టుకునేలోపు ఆరిపోతోంది. చుక్క కనబడగానే మావాడి వివరాలు వెళ్ళిపోయేలా... ఏమన్నా వీలవుతుందా?"

"మేడమ్," అన్నాను వినయంగా, "తప్పు గేటుకు పోయిన బండిని రివర్స్ చేయించొచ్చు. పెళ్ళిచూపులకు బయల్దేరిన కుటుంబాలను చేయించలేం."

ఆవిడ సంతకం పెట్టిన కాగితాన్ని నా వైపు జరిపారు.

"పోనీ, తొంభై వద్దు. ఐదు పెట్టండి."

కాబట్టి పాఠకులారా, తూర్పు దిక్కుకు తిరిగి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా కళ్ళతో చూడనిదే, నా వేలితో నొక్కనిదే ఏ బండినీ, ఏ వియ్యపురాలినీ పిలవను. ఏది పచ్చో, ఏది కాదో నా తరఫున తేల్చే అధికారం ఏ యంత్రానికీ ఇవ్వను. మేడమ్ గారి సైటుకు ఐదు పెట్టిన మాట నిజమే. కానీ అది ప్రమాణానికి ముందు.